మణికట్టు దగ్గర నాలుగు నరాలు, అందులో ఒక్కటే నరం

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. ఇరవై ఏళ్లుగా బట్టలు కుడుతున్నాను. ఆరు నెలలుగా రాత్రిపూట కుడిచేయి తిమ్మిరెక్కి మెలకువ వస్తోంది. చేతిని గట్టిగా విదిలిస్తే కాసేపటికి తగ్గుతుంది. పగలు ఎక్కువసేపు కత్తెర పట్టుకున్నా వేళ్లు మొద్దుబారుతున్నాయి. చేతి మీద నరాలు బాగా తేలాయి. అప్పుడప్పుడు తెల్లవారుజామున పిక్కలో నరం పట్టేసి ప్రాణం పోయినంత పనవుతుంది. నరాల్లో రక్తం సరిగా ఆడటం లేదని ఒకరు, నరాల బలహీనత అని ఒకరు అన్నారు. నరాలకు బలమని చెబితే అప్పటినుంచీ రోజూ మాత్రలు వేసుకుంటున్నాను. హైస్కూల్లో చదివే మా అబ్బాయి మాత్రం ‘నరమంటే కరెంటు తీగ, అందులో రక్తం ఉండదు’ అంటున్నాడు. అసలు నరం అంటే ఏమిటి? తెగితే మళ్లీ అతుకుతుందా? నాకు ముందుముందు పక్షవాతం వస్తుందా? కుట్టుపని మానేయాలా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నరం అనే మాట ఏడుసార్లు వచ్చింది. ఏడుసార్లూ ఒకే వస్తువు గురించి రాలేదు. చేతి మీద తేలినవి ఒకటి, పిక్కలో పట్టేసింది ఇంకొకటి, రాత్రి మిమ్మల్ని నిద్రలేపుతున్నది మరొకటి. తప్పు మీది కాదు, మనం ఈ ఒక్క మాట మీద మోయలేనంత బరువు వేశాం. సూదిమందు ‘నరానికి’ ఇచ్చారంటే అది రక్తనాళం. పరుగెత్తేటప్పుడు ‘నరం పట్టేసింది’ అంటే అది కండరం. ‘నాడి’ సంగతి ఇంకా చిత్రం. వైద్యుడు నాడి చూశాడంటే చూసింది ధమనిని, అంటే గుండె నుంచి రక్తం తెచ్చే నాళాన్ని. పాఠ్యపుస్తకంలో నాడీ వ్యవస్థ అంటే మాత్రం మెదడు, వెన్నుపాము, వాటి నుంచి బయలుదేరే నరాలు. ఈ గందరగోళం మనకే పరిమితం కాదు. గ్రీకులో ‘న్యూరాన్’ అనే మాటకు మొదటి అర్థం స్నాయువు (కండరాన్ని ఎముకకు కట్టే తాడు), వింటినారి. క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో హెరోఫిలస్ అనే వైద్యుడు శవాలను కోసి చూసి, స్పర్శనూ కదలికనూ మోసుకెళ్లే దారాలు వేరు, స్నాయువులు వేరు అని తేల్చేదాకా అక్కడి పండితులకూ ఈ తేడా తెలియదు.

కాబట్టి ముందు మన ముందున్న వస్తువులను విడదీద్దాం. మీ కుడిచేతిని వెల్లకిలా తిప్పి వెలుతురులో పెట్టండి. మణికట్టు దగ్గర చర్మం కింద నీలిగా, కొమ్మలుగా చీలుతూ కనిపించేవి సిరలు, అంటే రక్తాన్ని గుండెకు తిరిగి తీసుకెళ్లే నాళాలు. ఇప్పుడు బొటనవేలి కొసను చిటికెనవేలి కొసకు ఆనించి మణికట్టును కొద్దిగా లోపలికి వంచండి. మధ్యలో తాడులా లేచేది స్నాయువు, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే మోకు. అది లేవకపోతే కంగారు పడకండి. ఆ ఒక్క స్నాయువు కొందరికి పుట్టుకతోనే ఉండదు, లేదన్న సంగతి జీవితాంతం వాళ్లకు తెలియదు కూడా. బొటనవేలి వైపు అంచున వేళ్లు ఆనిస్తే టక్‌టక్‌మని కొట్టుకునేది ధమని. మామూలు మాటల్లో ఈ మూడింటినీ నరమనే అంటాం. నాలుగోది, అసలైన నరం, ఆ తాడులాంటి స్నాయువుకు కాస్త కిందుగా దాగి ఉంది. అది కనిపించదు, కొట్టుకోదు, బిగుసుకోదు. ఆ రెండూ ఎంత దగ్గరగా ఉంటాయంటే, శవాన్ని కోసి నేర్చుకునే రోజుల్లో మేమంతా ఒక్కసారైనా స్నాయువును పట్టుకుని ఇదే నరమని చెప్పి చీవాట్లు తిన్నవాళ్లమే.

ఈ లెక్కన మీ ఫిర్యాదుల్లో రెండు ఇక్కడే తీరిపోతాయి. చేతి మీద తేలినవి సిరలు. వయసుతో చర్మం పలచబడి, దాని కింది కొవ్వు తగ్గితే అవి పైకి కనిపిస్తాయి. వాటికీ తిమ్మిరికీ సంబంధం లేదు. పిక్కలో పట్టేది కండరం. అది పట్టినప్పుడు మోకాలు చాపి, పాదాన్ని చేత్తో మీ వైపు లాగి పట్టుకోండి, సాగదీసిన కండరం వదులుతుంది. రోజూ వస్తుంటే డాక్టరుకు చెప్పాలి, అప్పుడప్పుడు వచ్చేదానికి ఇంత చాలు. మిగిలింది రాత్రి తిమ్మిరి. అది మాత్రం నిజంగా నరం సంగతే.

నరం అంటే ఏమిటని అడిగారు కదా. మీ చేతిలో రోజూ తిరిగే వస్తువులతోనే చెప్పవచ్చు. ఒక దారాన్ని విప్పి చూస్తే సన్నని పోగులు కనిపిస్తాయి. నరమూ అంతే, వేల పోగుల కట్ట. ప్రతి పోగు చుట్టూ పలచని పొర, కొన్ని పోగులను కలిపి కట్టిన చిన్న కట్ట చుట్టూ మరో పొర, అలాంటి చిన్న కట్టలన్నిటినీ చుట్టిన దళసరి పొర ఇంకొకటి. మొదటిసారి నేను చేతిలోకి తీసుకున్నది తొడ వెనుక భాగంలోని నరం, శరీరంలోకెల్లా లావైనది, దాదాపు నా బొటనవేలంత. తెల్లగా, కాస్త మెరుస్తూ ఉంది. పరీక్షగా చూస్తే అడ్డంగా సన్నటి చారలు కనిపించాయి. అవి ఏమిటో తరువాత తెలిసింది. లోపలి పోగులు తిన్నగా ఉండవు, అలలు అలలుగా కొద్దిపాటి వదులుతో ఉంటాయి. మోచేయి ముడిచినప్పుడూ మోకాలు చాపినప్పుడూ నరం తెగకుండా సాగడానికి ఆ వదులు పనికొస్తుంది. అతుకు దగ్గర మీరు కాస్త గుడ్డ వదిలి కుట్టినట్లే అనుకోండి.

‘అందులో రక్తం ఉండదు’ అన్న మీ అబ్బాయి మాట ముప్పాతిక నిజం. నరం గొట్టం కాదు, దాని లోపల రక్తం పారదు. అయితే నరం కూడా బతికున్న కణజాలమే, దానికీ ఆక్సిజన్ కావాలి. అందుకోసం వెంట్రుకల కన్నా సన్నని రక్తనాళాలు నరం పొరల్లో అల్లుకుని ఉంటాయి. నరాన్ని ఎక్కడైనా నొక్కి పెడితే ముందు దెబ్బతినేది వీటిలోని ప్రవాహమే. మీకు ‘నరాల్లో రక్తం ఆడటం లేదు’ అని చెప్పినవారు తెలిసి అన్నారో తెలియక అన్నారో గానీ, పూర్తిగా తప్పు అనలేదు.

ఆ పోగు ఏమిటన్నది అన్నిటికన్నా వింతైన విషయం. అది ఒక కణంలోని భాగం, ఒకే ఒక్క కణం చాచిన చేయి. కణదేహం వెన్నుపాములోనో దాని పక్కనే ఉన్న చిన్న నాడీకణాల ముడిలోనో ఉంటుంది. అక్కడి నుంచి బయలుదేరిన పోగు కాలి బొటనవేలి దాకా, అంటే సుమారు ఒక మీటరు, ఎక్కడా అతుకు లేకుండా వెళుతుంది. మిల్లీమీటరులో పదో వంతు ఉండే కణదేహాన్ని 10 సెంటీమీటర్ల బంతి అంత చేశామనుకుంటే, అదే కొలతలో దాని పోగు వేలంత లావుతో ఒక కిలోమీటరు పొడవు ఉంటుంది. ఆ కిలోమీటరు చివరన ఉన్న భాగానికి కావలసిన సరుకంతా బంతిలో తయారై ప్రయాణించాలి. నిజంగానే పోగు లోపల అలాంటి రవాణా నడుస్తుంది. వేగంగా పోయే సరుకు రోజుకు 40 సెంటీమీటర్ల దాకా వెళుతుంది, అంటే వెన్ను నుంచి కాలివేలికి చేరడానికి రెండు మూడు రోజులు. నెమ్మదిగా పోయేది రోజుకు ఒకటి రెండు మిల్లీమీటర్లు. శరీరం మొత్తాన్ని పట్టి పీడించే జబ్బు ఏదైనా, ఉదాహరణకు మధుమేహం, నరాల మీద దెబ్బ కొడితే ముందుగా కాలివేళ్లే ఎందుకు మొద్దుబారతాయో ఇప్పుడు మీరే చెప్పగలరు. అన్నిటికన్నా పొడవైన పోగులు అక్కడికి వెళ్లేవే కదా. తరువాత ఆ మొద్దుదనం మేజోళ్లు తొడిగినంత మేర పైకి పాకుతుంది, మోకాలి దగ్గరకు వచ్చేసరికి చేతివేళ్లలోనూ మొదలవుతుంది. రెండు వైపులా సమానంగా. మీ తిమ్మిరి అలా లేదు, ఒక్క చేతిలోనే ఉంది. ఈ ఒక్క తేడా చాలా చెబుతుంది, మళ్లీ దాని దగ్గరకు వస్తాను.

ముందు మీ అబ్బాయి ‘కరెంటు తీగ’ సంగతి చూద్దాం. పిల్లవాడి పోలిక బాగుంది, కానీ తీగలో సంకేతం సెకనుకు లక్ష కిలోమీటర్లకు పైగా పోతుంది. నరంలో అంత వేగం ఉందని ఒకప్పుడు పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే అనుకున్నారు, దాన్ని కొలవడం మనిషి తరం కాదనుకున్నారు. అలా బోధించినవారిలో జర్మనీకి చెందిన యోహానెస్ ముల్లర్ ఒకరు. ఆయన శిష్యుడు హెల్మ్‌హోల్ట్జ్ 1850లో కప్ప కాలి కండరానికి వెళ్లే నరాన్ని తీసుకుని, కండరానికి దగ్గరగా ఒకసారి, దూరంగా ఒకసారి విద్యుత్తుతో తాకించి, కండరం ముడుచుకోవడానికి పట్టిన సమయంలో తేడా చూశాడు. లెక్క వేస్తే సెకనుకు సుమారు 30 మీటర్లు తేలింది. గురువుగారు కొలవలేమన్న వేగం గట్టిగా పరుగెత్తే చీతాకు కాస్త అటూ ఇటూగా ఉంది!

ఎందుకంత నెమ్మది? నరంలో విద్యుత్తు తీగలోలా కొస నుంచి కొసకు పారదు. పోగు లోపలా బయటా ఉన్నది ఉప్పునీరే. బయట సోడియం ఎక్కువ, లోపల పొటాషియం ఎక్కువ. ఊరికే ఉన్నప్పుడు బయటితో పోలిస్తే లోపలి వైపు సుమారు 70 మిల్లీవోల్టులు రుణంగా, అంటే మైనస్‌లో ఉంటుంది. పోగు పొర నిండా చిన్న చిన్న తలుపులు. ఒక చోట అవి తెరుచుకోగానే సోడియం లోపలికి దూకుతుంది, ఆ కుదుపుకు పక్క తలుపులు తెరుచుకుంటాయి, వాటి కుదుపుకు ఆ పక్కవి. వెనకాలే పొటాషియం బయటకు పోయి పాత స్థితి నెలకొంటుంది. ఒక్కో చోట ఇదంతా సెకనులో వెయ్యో వంతు పని. కబురు అలా చేతులు మారుతూ ముందుకు సాగుతుంది. పన్ను పీకే ముందు ఇచ్చే మత్తుసూది ఈ సోడియం తలుపులను తెరుచుకోనివ్వదు, కబురు అక్కడే ఆగిపోతుంది, పన్ను పీకినా మీకు తెలియదు. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే ఇద్దరు 1952లో స్క్విడ్ అనే సముద్రజీవి నరంలో ఈ తలుపుల లెక్కంతా తేల్చి, 1963లో నోబెల్ అందుకున్నారు. స్క్విడ్‌నే ఎందుకు పట్టుకున్నారంటే దాని పోగు మిల్లీమీటరు దాకా లావుంటుంది, లోపలికి తీగ దూర్చవచ్చు.

మనకు అంత లావు పోగులు లేవు, వేరే ఉపాయం ఉంది. మన పోగుల్లో చాలావాటి చుట్టూ మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. ష్వాన్ కణాలనేవి పోగు చుట్టూ చుట్టలు చుట్టుకుని దీన్ని తయారు చేస్తాయి. ఒక్కో కణం మిల్లీమీటరుకు లోపు మేర కప్పుతుంది, పక్క కణానికీ దానికీ మధ్య చిన్న ఖాళీ. వెదురు గడకు కణుపుల్లా వరుసగా కనిపించే ఈ ఖాళీలను రాన్వియర్ కణుపులంటారు. తలుపులు తెరుచుకునే పని కణుపుల దగ్గరే జరుగుతుంది కనుక కబురు నడవడం మాని కణుపు నుంచి కణుపుకు గెంతుతుంది. మందపాటి తొడుగున్న పోగుల్లో వేగం సెకనుకు 80 నుంచి 120 మీటర్లు. తొడుగు లేని సన్న పోగుల్లో ఒక మీటరు, మహా అయితే రెండు.

ఈ తేడా మీకు స్వయంగా తెలుసు. ఎప్పుడైనా కాలివేలు గడపకు కొట్టుకున్న క్షణం గుర్తు తెచ్చుకోండి. తగిలిందని వెంటనే తెలుస్తుంది. చురుక్కుమనే నొప్పి దాని వెన్నంటే వస్తుంది. ఆ తరువాత ఒక్క క్షణం ఊపిరి బిగబట్టే విరామం ఉంటుంది, ఇప్పుడు అసలు నొప్పి వస్తుందని మనకు ముందే తెలిసిపోతుంది, వస్తుంది కూడా, మొద్దుగా, మంటగా, పాదమంతా పరుచుకుంటూ. మూడు రకాల పోగులు ఒకేసారి బయలుదేరి మూడు వేర్వేరు సమయాల్లో చేరాయన్నమాట. చివరిది తొడుగు లేని పోగు, మీటరు దూరం నడవడానికి దానికి సుమారు ఒక సెకను పట్టింది. అప్పుడు వేలిని రుద్దుకుంటే కాస్త ఉపశమనం దొరకడానికీ కారణం ఉంది. రుద్దినప్పటి స్పర్శ కబుర్లు, వెన్నుపాము గుమ్మం దగ్గర నొప్పి కబుర్లకు అడ్డుపడతాయి. మెల్జాక్, వాల్ అనే ఇద్దరు 1965లో ప్రతిపాదించిన ఆలోచన ఇది.

పనిని బట్టి చూస్తే కొన్ని పోగులు చర్మం, కండరాల నుంచి లోపలికి కబురు తెస్తాయి, వీటిని జ్ఞాన నాడులంటారు. కొన్ని కండరాలకు ఆజ్ఞ తీసుకెళతాయి, ఇవి చాలక నాడులు. చేతికీ కాలికీ వెళ్లే పెద్ద నరాల్లో రెండు రకాల పోగులూ కలిసే ఉంటాయి. గుండె, పేగులు, చెమట గ్రంథుల పని మన ప్రమేయం లేకుండా చూసుకునే స్వయంచోదిత నాడులు మరో తెగ, మీ ఉత్తరానికి వాటితో పని లేదు కనుక వదిలేస్తున్నాను. మెదడు నుంచి 12 జతలు, వెన్నుపాము నుంచి 31 జతల నరాలు బయలుదేరుతాయి. మెడ దగ్గర బయలుదేరినవి కొన్ని మెడ కింది అడ్డ ఎముక (కాలర్ బోన్) వెనుక కలిసి, విడిపోయి, మళ్లీ కలిసి, చివరకు చేతిలోకి మూడు ముఖ్యమైన నరాలుగా దిగుతాయి. మీ కథలో ఉన్నవి అందులో రెండు.

ఇక్కడ మీరు ఒక పని చేయాలి. ఈసారి తిమ్మిరి వచ్చినప్పుడు చేతిని విదిలించే ముందు ఒక్క నిమిషం ఓర్చుకుని, ఏ వేళ్లో చూడండి. చేయంతా అనిపిస్తుంది, అయినా ఒక్కొక్క వేలినీ తాకి చూడండి. చిన్న దూది ఒత్తితో ఉంగరం వేలి లోపలివైపు నిమరండి, ముందు మధ్యవేలి వైపు అంచున, తరువాత చిటికెనవేలి వైపు అంచున. ఒకే వేలు, రెండు అంచుల్లో రెండు రకాల స్పర్శ తెలిస్తే మీ జబ్బు సగం దొరికినట్లే. ఎందుకంటే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరం వేలిలో సగం, ఇంతవరకు స్పర్శ మణికట్టు మధ్యలో దిగే నరానిది. ఉంగరం వేలి మిగతా సగం, చిటికెనవేలు ఇంకో నరానివి, మోచేయి ఎముకకు ఏదైనా తగిలితే జివ్వుమనేది అదే. రక్తం చాలక వచ్చిన తిమ్మిరి అయితే వేలిని ఇలా నిలువునా గీత గీసినట్లు పంచుకోదు. మెడలో నరం నొక్కుకుంటే అది కూడా వేరుగా ఉంటుంది, మెడ తిప్పినప్పుడు నొప్పి భుజం మీదుగా దిగుతుంది, తిమ్మిరి ముంజేతిలోనూ ఉంటుంది.

రాత్రి తిమ్మిరితో లేవడం, విదిలిస్తే తగ్గడం, పట్టు బిగించే పని, ఒక్క చేయి. ఇన్ని కలిసినప్పుడు నా అనుమానం మణికట్టు సొరంగం మీదే. వైద్యులు దీన్ని కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. మణికట్టులోని 8 చిన్న ఎముకలు దోనెలా అమరి ఉంటాయి, దాని మీద అడ్డంగా ఒక గట్టి పట్టీ మూతలా ఉంటుంది. ఈ ఇరుకులోంచి వేళ్లను ముడిచే 9 స్నాయువులు, వాటితోపాటు ఆ ఒక్క నరం అరచేతిలోకి వెళ్లాలి. స్నాయువుల పొరలు కాస్త ఉబ్బినా చోటు తగ్గిపోతుంది. ఎముక తగ్గదు, పట్టీ సాగదు, నలిగేది నరమే. నిద్రలో మనకు తెలియకుండా మణికట్టు మడతపడుతుంది, సొరంగంలో ఒత్తిడి ఇంకా పెరుగుతుంది, నేను చెప్పిన ఆ సన్న రక్తనాళాలు నొక్కుకుపోతాయి. పోగులు ఉక్కిరిబిక్కిరై, చెప్పడానికి కబురేమీ లేకున్నా వాటంతటవే మోగడం మొదలుపెడతాయి. చీమలు పాకినట్లు, సూదులు గుచ్చినట్లు అనిపించేది అదే. చాలాసేపు కాలు మడిచి కూర్చుని లేచినప్పుడు వచ్చే తిమ్మిరి కూడా ఇలాంటిదే. ఒక విశేషం చూడండి, ఈ జబ్బులో వేళ్లు మొద్దుబారినా అరచేతి మధ్యలో స్పర్శ బాగానే ఉంటుంది. అక్కడికి వెళ్లే చిన్న కొమ్మ సొరంగంలోకి దిగకముందే విడిపోయి పట్టీ పైనుంచి వెళ్లిపోతుంది, తెలివైనది.

ఇక చేయవలసిన పని. రాత్రి పడుకునేటప్పుడు మణికట్టు వంగకుండా నిటారుగా పట్టి ఉంచే స్ప్లింట్ కట్టుకోండి. బిగించి కట్టేది కాదు, వంగనివ్వనిది. కొన్ని వారాలు ఓపికగా వాడాలి, రెండు రాత్రులకే తీసి పారేయకండి. దాంతోపాటే డాక్టరును కలవండి. మధుమేహం, థైరాయిడ్ లోపం, కీళ్లవాతం ఉన్నవారిలో ఈ సొరంగం ఇరుకు కావడం ఎక్కువ, కనుక రక్తపరీక్షలు రాస్తారు. అవసరమైతే నరంలో కబురు వేగాన్ని కొలిచే పరీక్ష కూడా చేస్తారు. హెల్మ్‌హోల్ట్జ్ కప్ప మీద చేసిన పనే, ఇప్పుడు మీ చేతి మీద చర్మం పైనుంచి. ముంజేతిలో చక్కగా పరుగెత్తిన కబురు మణికట్టు దాటేటప్పుడు ఆలస్యమైతే సంగతి తేలిపోతుంది. స్ప్లింట్‌తో తగ్గకపోతే మణికట్టులో స్టెరాయిడ్ సూది ఇస్తారు, దానికీ లొంగకపోతే ఆ అడ్డపట్టీని కోసి సొరంగాన్ని వెడల్పు చేస్తారు. చేతి మేరకే మత్తు ఇచ్చి చేసే చిన్న ఆపరేషను. పేరు వినగానే భయపడి ఏళ్ల తరబడి వాయిదా వేసేవారిని చాలామందిని చూశాను, అది మాత్రం నాకు నచ్చని పని. బొటనవేలి మొదట్లోని కండ పలచబడినా, గుండీ పెట్టుకోవడం కష్టమైనా, కత్తెర చేజారుతున్నా ఆగకూడదు. అప్పటికి తొడుగు దాటి లోపలి పోగు కూడా దెబ్బతింటోందని అర్థం.

తెగితే అతుకుతుందా అన్న ప్రశ్నకు సమాధానం కూడా ఇక్కడే ఉంది. బ్రిటన్ శస్త్రవైద్యుడు సెడన్ 1943లో నరం గాయాలను మూడు మెట్లుగా చెప్పాడు. తొడుగు మాత్రమే నలిగితే పోగు బతికే ఉంటుంది, ఒత్తిడి తీసేస్తే కొన్ని వారాల్లో మామూలవుతుంది. పోగు తెగి చుట్టూ ఉన్న పొరలు మిగిలితే, తెగిన చోటికి ఆవల ఉన్న భాగం చచ్చిపోతుంది, కణదేహం వైపు నుంచి కొత్త పోగు ఆ పాత పొరల గొట్టంలోనే దారి వెతుక్కుంటూ పెరుగుతుంది, రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. మణికట్టు నుంచి వేలికొసకు అయితే దాదాపు ఆరు నెలలు. నరం మొత్తం రెండు ముక్కలైతే దానంతటది కలవదు, శస్త్రవైద్యుడు సూక్ష్మదర్శిని కింద, వెంట్రుక కన్నా సన్నని దారంతో పై పొరను కుట్టాలి. లోపలి పోగులను ఎవరూ కుట్టలేరు, కుట్టేది పై పొరనే, ఆ తరువాత పోగులు వాటంతటవే దాటాలి. మీ వృత్తివారికి ఈ పని కష్టం బాగా అర్థమవుతుంది. చేతి నరాలకు ఉన్న ఈ మొలకెత్తే గుణం మెదడు, వెన్నుపాములోని పోగులకు దాదాపు లేదు.

దానితో పక్షవాతం భయం దగ్గరకు వస్తాం. పక్షవాతం మెదడులో రక్తనాళం మూసుకుపోవడం వల్లనో చిట్లడం వల్లనో వస్తుంది. మణికట్టు దగ్గర నలిగిన నరం పైకి పాకి మెదడును పట్టదు, మీ తిమ్మిరి దానికి ముందస్తు సూచన కాదు. పక్షవాతం నెలల తరబడి రాత్రిళ్లు వచ్చిపోతూ ఉండదు, హఠాత్తుగా వస్తుంది. మూతి ఒక పక్కకు జారడం, ఒక వైపు చేయీ కాలూ పట్టు తప్పడం, మాట తడబడటం ఉంటే అదే నిమిషాన ఆసుపత్రికి వెళ్లాలి. ఇంకో రెండు సందర్భాల్లోనూ తెల్లవారేదాకా ఆగకూడదు. నడుమునొప్పితో పాటు కూర్చునే చోట స్పర్శ పోయి మూత్రం రాకపోయినా, కాళ్లలో మొదలైన బలహీనత రోజుల వ్యవధిలో పైకి ఎక్కుతున్నా వెంటనే వెళ్లాలి. రెండోదానిలో శ్వాస కండరాలు కూడా చిక్కుకునే ప్రమాదం ఉంది.

ఇప్పుడు నాకు నిజంగా కోపం తెప్పించిన విషయం, మీ ఆరు నెలల మాత్రలు. ‘నరాల బలహీనత’ అనే పేరుతో ఒక జబ్బు లేదు. ఎక్కడి నరం, ఏ పోగులు, తొడుగా లోపలి పోగా, ఎందువల్ల అన్నది తెలియకుండా అన్ని నరాలకూ కలిపి బలం ఇచ్చే మందు ఉండదు. విటమిన్ బి12 లోపిస్తే నరాలు దెబ్బతినే మాట నిజమే, ఆ లోపం రక్తపరీక్షలో తేలితే మందు వాడాలి, వాడితే గుణం కనిపిస్తుంది. మధుమేహానికి మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడేవారిలో ఈ లోపం రావచ్చు కూడా. కానీ నొక్కుకుపోయిన నరానికి విటమిన్ ఏం చేస్తుంది? తలుపు సందులో వేలు ఇరుక్కుంటే బలానికి మాత్ర ఎవరూ వేసుకోరు. పైగా ఈ మాత్రల్లో చాలావాటిలో బి6 కూడా ఉంటుంది, దాన్ని పైరిడాక్సిన్ అని రాస్తారు. పెద్దవారికి రోజుకు 2 మిల్లీగ్రాములకు అటూ ఇటూ చాలు. అంతకు ఎన్నో రెట్లు నెలల తరబడి మింగితే జ్ఞాన నాడుల కణదేహాలే దెబ్బతిని పాదాలు మొద్దుబారతాయి, నడక తూలుతుంది. నరాలకని వేసుకున్న మందే నరాలకు తగులుతుందన్నమాట. సీసా మీద బి6 ఎన్ని మిల్లీగ్రాములో చూడండి, సీసాను డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.

కుట్టుపని మానక్కర్లేదు. మణికట్టును మడిచి, గట్టిగా పట్టు బిగించి గంటల తరబడి చేసే భాగాన్ని మాత్రం మార్చండి. మందపు గుడ్డలు కత్తిరించే పనంతా ఒకే పూట పెట్టుకోకండి. కత్తెర పదును తగ్గితే పట్టు బిగించాల్సి వస్తుంది, పదును పెట్టించండి. బల్ల ఎత్తు ముంజేయి, మణికట్టు ఒకే వరుసలో ఉండేలా సర్దుకోండి. పడక దగ్గర ఒక కాగితం పెట్టుకుని, స్ప్లింట్ కట్టిన రోజు నుంచి రాత్రికి ఎన్నిసార్లు లేచారో, ఏ వేళ్లు మొద్దుబారాయో రాస్తూ ఉండండి. ఉంగరం వేలిని రెండు సగాలుగా రాయడం మరిచిపోకండి. ఎడమచేతిలో కూడా మొదలైతే ఆ తేదీ కూడా వేయండి, చాలామందికి రెండో చేయి కొంత ఆలస్యంగా అందుకుంటుంది.